దుర్గం చెరువు కట్ట మీద ఎవరి అడుగులు?
(ఊరు – వాడ – నీళ్లు: 9వ భాగం)



పోయిన భాగంలో వాడబావి గురించి రాశాను. చాలామంది ఒకటే అడిగారు: "ఊళ్ల సంగతి సరే అన్నా, సిటీలో ఏముంది?" సిటీలోనే ఉంది. అదీ హైటెక్ సిటీ నడిమధ్యన. అందుకే ఈసారి ఒక నడకదారి చరిత్ర రాస్తున్నాను. కొంచెం పొడుగైంది. తీరిక చూసుకుని చదవండి.

ఆదివారం పొద్దున హాయిగా నడవడానికి ఎక్కడికి పోదాం అని మాదాపూర్‌లో ఉద్యోగం చేసే ఎవరినైనా అడగండి. దుర్గం చెరువు పక్కన వేసిన నడకదారి అంటారు, రాయదుర్గంలో మల్కం చెరువు అంటారు. కొత్తగూడ బొటానికల్ గార్డెన్, ఖాజాగూడ గుట్టలు, ఇంకొంచెం దూరమైతే గండిపేట కట్ట. ఇవన్నీ సులువైన దారులే. ముసలివాళ్లూ పోవచ్చు, పిల్లల్నీ తీసుకుపోవచ్చు. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ బండలు, నీళ్లు, నీడ. నేనూ నడుస్తాను, నాకూ ఇష్టమే. ఈ దారుల్ని తిట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. మన పిల్లలు కూడా అక్కడ నడవాలి. అయితే నడిచేటప్పుడు కాళ్ల కింద ఏముందో తెలిసి నడవాలి.

దుర్గం చెరువుకు ఇంగ్లీషులో 'సీక్రెట్ లేక్' అని పేరు పెట్టారు. చుట్టూ బండలుండి దూరం నుంచి కనబడదు గనక రహస్య సరస్సట. ఎవరికి రహస్యం? రాయదుర్గం వాళ్లకూ, మాదాపూర్ వాళ్లకూ అది ఏనాడూ రహస్యం కాదు. అందులో గొడ్లు నీళ్లు తాగినయి, కింద పొలాలు పారినయి. జూబ్లీహిల్స్ వైపు నుంచి వచ్చినవాళ్లకు కనబడలేదు, అంతే. తమకు కనబడని దానికి రహస్యమని పేరు పెట్టే అలవాటు పాతదే.

ఈ చెరువు కథ ఎక్కడ విన్నా కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు దీని నీళ్లు పోయేవన్న మాట తప్పక వస్తుంది. ఆ కథ అక్కడి నుంచి ఒక్క దూకున 2020 సెప్టెంబరులో తెరిచిన తీగల వంతెన మీద పడుతుంది. మధ్యలో నాలుగు వందల ఏళ్లున్నాయి. అన్ని ఏళ్లూ చెరువు తనంతట తానే ఉందా?

చెరువు అనేది తవ్వి వదిలేస్తే ఉండేది కాదు. కట్టకు ఎలుకలు, పందికొక్కులు బొరియలు చేస్తయి. వానాకాలం రాత్రి ఒక్క చోట నీరు ఊటలాగా కారడం మొదలైతే తెల్లారేసరికి గండి. పై చెరువు తెగితే కింది చెరువు తెగుతుంది, ఎందుకంటే మన తెలంగాణ చెరువులు గొలుసుకట్టువి, ఒకదాని మత్తడి నీళ్లు ఇంకోదానికి పోతయి. పూడిక తీయాలి. తూము ఎప్పుడు తీయాలో, ఎంత తీయాలో, ఎవరి మడికి ఎంతసేపు పారాలో తెలిసిన మనిషి ఉండాలి. రాళ్లు కొట్టి కట్టలు పోసినవాళ్లు ఎక్కువగా వడ్డెరలు. తూము దగ్గర కాపలా ఉండి నీళ్లు పంచినవాడిని తెలంగాణలో నీరటి అంటాం, నీరడి అంటాం. ఆ నీరటి దాదాపు ఎప్పుడూ మన వాడ మనిషే.

ఈ నీరటి పని సంగతి కొంచెం నిలబడి చూడాలి. వానలో గోనెసంచి కప్పుకుని కట్ట పొడుగునా తిరిగేది ఆయనే. మోకాలు లోతు నీళ్లలో దిగి తూము తీసేదీ మూసేదీ ఆయనే. పటేలు పొలానికి, రెడ్డి పొలానికి, గుడి మాన్యానికి నీళ్లు ఆయన చేతి మీదుగానే పారతయి. ఆ నీళ్లతో పండిన వడ్లు అందరి ఇళ్లలో అన్నమవుతయి. సాయంత్రం అదే మనిషి ఊరి మంచినీళ్ల బావి గిలకను ముట్టుకోకూడదు! మడిలోకి పోయే నీళ్లకు అంటని మైల, బిందెలోకి పోయే నీళ్లకు ఎట్లా అంటింది? మన కులవ్యవస్థకు తర్కం లేదంటారు కొందరు మిత్రులు. ఉంది. శ్రమ తీసుకునే చోట అంటు ఉండదు, హక్కు ఇవ్వాల్సిన చోట వస్తుంది. చాలా లెక్కప్రకారం నడిచే తర్కం అది.

నీరటికి జీతం లేదు. కోతల్లో కొంత గింజ, ఎక్కడన్నా ఒక చిన్న ఇనాం చెక్క. ఆ చెక్క సంగతే మనకు ముఖ్యం, ఎందుకంటే కథలన్నీ పోయినా అది కాగితం మీద మిగిలింది. తెలంగాణ ప్రాంతానికి 1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. ఆ చట్టం మొదట్లోనే, ఏ ఇనాములకు ఇది వర్తించదో చెప్పే చోట, గ్రామ సేవ ఇనాములను ప్రస్తావిస్తూ మూడు పేర్లు పెట్టారు: సేత్‌సింధీ, నీరడి, బలూత. సేత్‌సింధీ అంటే ఊరి కాపలా, కబురు మోసే పని. బలూత అంటే చేతివృత్తులవాళ్ల వాటా. అంటే ఊరికి సేవ చేసే వెట్టి మనుషులున్నారని, వాళ్ల చేతుల్లో భూములున్నాయని సర్కారుకు బాగా తెలుసు. చట్టం చేసినవాళ్లకు తెలుసు. చెరువు చరిత్ర చెప్పేవాళ్లకే తెలియదు.

ఇంకో దాఖలా మన ఒంటి మీదే ఉంది. ఇంటిపేర్లు. పాత మెదక్, రంగారెడ్డి జిల్లాల్లో నీరటి, నీరడి, బేగరి అనే ఇంటిపేర్లున్నవాళ్లు ఎవరో మీకు తెలుసు. బేగరి అంటే బేగార్, వెట్టి. చేసిన పనికి కూలి రాలేదు గానీ పేరు మాత్రం వచ్చింది. నా క్లాసులో ఒక అమ్మాయి తన ఇంటిపేరు గట్టిగా చెప్పడానికి సిగ్గుపడేది. నీరడి అంటే నీళ్ల లెక్క తెలిసిన ఇంజనీరు అని ఒకరోజు చెప్పాను. నవ్వింది. "ఇంజనీరుకు ఇంక్రిమెంట్ ఉంటుంది కదా సార్" అంది. నా దగ్గర జవాబు లేదు. భాగ్యరెడ్డి వర్మ కాలంలో మనవాళ్లు పేరు కోసమే కొట్లాడారు, 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యంలో మనల్ని ఆది హిందువులని రాయించారు. ఆ పోరాటం పెద్దది. అయితే ఇంటిపేర్లలో ఉన్న ఈ పని చరిత్రను కూడా మనం వదులుకోకూడదని నా అభిప్రాయం. 2023లో వీఆర్ఏ వ్యవస్థను తీసేసి వాళ్లను వేరే శాఖల్లో సర్దినప్పుడు నీరటి, మస్కూరి అనే పాత మాటలు ఒక వారం పాటు పేపర్లలో కనబడ్డయి. తర్వాత మళ్లీ మాయం.

ఇక చెరువు దిగి రాయదుర్గం వైపు నడుద్దాం. నగరంలో గడీలు, దేవిడీలు, ప్యాలెస్‌లు చూపించే 'హెరిటేజ్ వాక్'లు ఉన్నాయి. హైటెక్ సిటీలో అట్లాంటివి లేవనుకుంటారు, అంతా అద్దాలే కదా అని. ఇక్కడి ఎస్టేట్లు రెవెన్యూ రికార్డులో ఉన్నయి. రాయదుర్గం అనేది రికార్డు ప్రకారం ఒక ఊరు కాదు. రాయదుర్గం పాయిగా, రాయదుర్గం నౌఖల్సా, రాయదుర్గం పాన్‌మక్తా. పక్కన మణికొండ కూడా అంతే: మణికొండ జాగీర్, మణికొండ ఖాల్సా. అటు పోతే కంచ గచ్చిబౌలి. ఈ మాటల్ని ఆఫీసు అడ్రస్‌లో రాసేవాళ్లు రోజుకు వేలమంది, అర్థం అడిగేవాళ్లు తక్కువ.

నిజాం రాజ్యంలో దాదాపు 60 శాతం భూమి దివానీ, అంటే ఖాల్సా: శిస్తు నేరుగా సర్కారుకు పోయేది. సుమారు 30 శాతం జాగీర్లు. మిగిలిన పది శాతం నిజాం సొంత ఎస్టేట్ సర్ఫ్-ఎ-ఖాస్. హైదరాబాద్ చుట్టూ ఉన్న అత్రాఫ్ బల్దా జిల్లా ఈ సర్ఫ్-ఎ-ఖాస్ కిందిదే. పాయిగా అంటే సైన్యాన్ని పోషించేందుకని షంషుల్ ఉమ్రా వంశానికి ఇచ్చిన పెద్ద ఎస్టేట్లు. మక్తా అంటే ఇంత అని ఖరారు చేసిన మొత్తం కట్టి ఊరిని పట్టుకోవడం, పాన్‌మక్తా అందులో ఒక రకం. నౌఖల్సా అంటే కొత్తగా ఖాల్సాలో కలిసింది. ఒకే ఊరి పేరు మీద మూడు రకాల యజమానులు. ఒక పొలంలో శిస్తు పాయిగాకు, పక్క పొలంలో మక్తాదారుకు, ఆ పక్కన సర్కారుకు. పై యజమాని ఎవరైనా కింద వెట్టి మాత్రం మారలేదు.

ఇక్కడే నడక గురించి అసలు మాట చెప్పాలి. మనకు నడక విలాసం కావడం నిన్న మొన్నటి సంగతి. మన తాతలకు నడక అంటే వెట్టి. అధికారి వస్తే మూట మోసుకుని పక్క ఊరి పొలిమేర దాకా నడవాలి, అక్కడి వెట్టివాడు అందుకుంటాడు. రికార్డు కట్టలు మోయాలి, కబురు మోయాలి, దొర బండి ముందు పరుగెత్తాలి. గడి ముందు నుంచి పోతే చెప్పులు చేత పట్టుకోవాలి. దళిత కుటుంబం నుంచి ఒక మనిషి వెట్టికి పోవాల్సిందే. పుచ్చలపల్లి సుందరయ్య రాసిన తెలంగాణ పోరాట చరిత్రలో వెట్టి గురించిన పేజీలు చదవండి, ఎన్ని రకాల నడకలో తెలుస్తుంది. దుర్గం చెరువు దారిలో ఇప్పుడు మనం చేతి గడియారంలో అడుగులు లెక్కపెట్టుకుంటున్నాం. పది వేలు దాటితే సంబరం. ఆ తాతల అడుగులు ఎవరూ లెక్కపెట్టలేదు.

తెలుగులో తొలి యాత్రాచరిత్ర అని మేం పాఠం చెప్పే ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' కూడా ఈ దృష్టితో మళ్లీ తిరగెయ్యాలి. 1830–31లో మద్రాసు నుంచి కాశీకి పోయాడు. హైదరాబాద్ మీదుగానే పోయాడు. గొప్ప పుస్తకం, అనుమానం లేదు. అయితే ఆయన పోయింది పల్లకీలో. నడిచింది బోయీలు. తెలుగు యాత్రాసాహిత్యం మొదటి అడుగు వేసింది వాళ్ల కాళ్ల మీద. ఎం.ఏ.లో ఈ పుస్తకం మీద వచ్చే ప్రశ్నల్లో బోయీల మీద ఒక్క ప్రశ్న కూడా నేను చూడలేదు.

ఇంగ్లండు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే 'చెరువుల వెంట నడక' అనే మోజు మనకు ఇంగ్లీషు చదువు గుండానే వచ్చింది. వాయవ్య ఇంగ్లండులో లేక్ డిస్ట్రిక్ట్ ఉంది. వర్డ్స్‌వర్త్ ఊరు. నడిచి నడిచి కవిత్వం రాసినవాడు. మన భావకవులు ఆ రొమాంటిక్ కవుల్ని చదివే కొండల్నీ సెలయేళ్లనూ కొత్త కళ్లతో చూశారు. అదే వర్డ్స్‌వర్త్ 1844లో విండర్‌మియర్ సరస్సు దాకా రైలు వేస్తామంటే వద్దని మార్నింగ్ పోస్ట్ పత్రికకు ఉత్తరాలు రాశాడు. ఫ్యాక్టరీ ఊళ్ల నుంచి కూలిజనం గుంపులుగా దిగితే ఆ అందం వాళ్లకు అర్థం కాదని ఆయన వాదన. రైలు ఆగలేదు, 1847లో వచ్చింది. అదే విండర్‌మియర్ ఒడ్డున ఉన్న స్టోర్స్ హాల్ అనే అందమైన భవంతి జాన్ బోల్టన్‌ది. లివర్‌పూల్ నుంచి బానిసల వ్యాపారం చేసిన మనిషి. నల్లమనుషుల్ని అమ్మిన డబ్బు సరస్సు ఒడ్డున తోట అయింది. కెస్విక్ ఊళ్లో 1887లో ఇంకోటి జరిగింది. లాట్రిగ్ కొండ మీదికి పోయే దారిని ఎస్టేటు యజమానులు మూసేస్తే, అక్టోబరు 1న సుమారు 2,000 మంది అడ్డాలు దాటి కొండెక్కారు. ఈరోజు అక్కడ టూరిస్టులు సులువుగా ఎక్కే దారి ఆ జనం తెరిచిన దారే. నడకదారి అనేది ఎక్కడా ప్రకృతి ఇచ్చింది కాదు, ఎవరో మూస్తే ఎవరో తెరిచింది.

మరి చెరువు వైపు నడిచిన అన్నిటికన్నా పెద్ద నడక ఏది? విద్యార్థులకు చెప్పక్కర్లేదు. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ వెనక వేలమంది చవదార్ చెరువుకు నడిచారు. బొంబాయి శాసనమండలి 1923లోనే ప్రజల చెరువులు, బావులు అందరివీ అని తీర్మానించింది. మహాడ్ మునిసిపాలిటీ 1924లో ఒప్పుకుంది. కాగితం మీద హక్కు ఉంది, చెరువు దగ్గరికి కాలు పోలేదు. అందుకే నడిచారు. దోసిట్లో నీళ్లు తాగి తిరిగొస్తుంటే దాడి చేశారు. కోర్టులో కేసు 1937 దాకా సాగింది. మన దగ్గర కారంచేడు కూడా చెరువు దగ్గరే మొదలైంది. మాదిగవాడ తాగే నీళ్లలో గేదెల మురికి కలుస్తుంటే వద్దన్నారు. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదిరించింది. మర్నాడు, 1985 జులై 17న, ఆరుగురిని చంపారు. చెరువు కట్ట మీద మన మనిషి తలెత్తి నిలబడటానికి ఈ దేశంలో ధర ఉంది. తీగల వంతెన మీద నిలబడి ఫోటో దిగే మన పిల్లలకు ఈ రెండు తేదీలు గుర్తుంటే చాలు, ఫోటో తప్పకుండా దిగండి.

సాహిత్యంలో చెరువు కోసం చనిపోయిన మనిషి అంటే వెంటనే గుర్తొచ్చేది కట్టమంచి రామలింగారెడ్డి 1899లో రాసిన 'ముసలమ్మ మరణము'. అనంతపురం పక్క బుక్కరాయసముద్రం చెరువు తెగబోతే ప్రాణం అర్పించిన రెడ్ల కోడలు. ఆ కథకు కావ్యం దక్కింది. కట్టల మీద పాము కరిచి చనిపోయిన, గండి పూడుస్తూ కొట్టుకుపోయిన నీరటివాళ్లకు కావ్యం రాలేదు. వాళ్ల జ్ఞాపకం కట్టమైసమ్మ దగ్గర ఉందని నాకు అనిపిస్తుంది. హుస్సేన్‌సాగర్ లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర ఉన్నట్టే తెలంగాణలో ఏ చెరువు కట్ట చూసినా ఒక మైసమ్మ ఉంటుంది. కట్ట నిలబడాలని మొక్కింది కట్ట మీద రాత్రి కాపలా ఉన్నవాళ్లే కదా. జాషువా 1941లో 'గబ్బిలం' రాసినప్పుడు ఆ పేద మనిషి తాను గుళ్లోకి నడిచి పోలేక గబ్బిలాన్ని పంపాడు. నడవలేనివాడి యాత్రాకావ్యం అది. వీరాస్వామయ్య పక్కన పెట్టి చదివితే తెలుస్తుంది తేడా.

సరే, మళ్లీ రాయదుర్గం. జాగీర్ల రద్దు రెగ్యులేషన్ 1949 ఆగస్టు 15న వచ్చింది. సర్ఫ్-ఎ-ఖాస్ అంతకు కొన్ని నెలల ముందే సర్కారులో కలిసింది. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. కాగితం మీద చూస్తే దున్నేవాడికి భూమి రావాల్సిన కాలం అది. కౌలుదారుగా నమోదైనవాడికి కొంత వచ్చింది. నమోదు కావాలంటే కౌలు ఉండాలి, కౌలు ఇవ్వాలంటే అంటరానివాడు కాకూడదు. మనవాళ్లు ఎక్కువమంది పాలేర్లు, కూలీలు, వెట్టివాళ్లు. వాళ్లకు మిగిలింది లావణీ పట్టాలు, ఆ తర్వాత 1958 నాటి జీవో 1406 కింద అసైన్‌మెంట్లు. అవీ ఎట్లాంటి భూములు? గుట్టల పక్కన, బండల మధ్య, ఎవరికీ అక్కర్లేని చోట. చెరువు ఎండినప్పుడు శిఖంలో ఇన్ని దోస గింజలు చల్లుకోవడం వేరే సంగతి. దానికి కాగితమే లేదు.

1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఎవరికీ అక్కర్లేని బండలు ఒక్కసారిగా అందరికీ కావాల్సి వచ్చినయి. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం పేదవాడి భూమి పెద్దవాడు కొనకుండా కాపాడటానికి వచ్చింది. ఆ రక్షణ పేదవాడు అమ్ముకోకుండా ఆపింది గానీ సర్కారు వెనక్కి తీసుకోకుండా ఆపలేదు. ప్రజాప్రయోజనం అనే మాట చాలు. అసైన్డ్ భూమి సర్కారుదే గనక పట్టాభూమికి ఇచ్చినంత పరిహారం ఇవ్వనక్కర్లేదని కూడా వాదించారు. చేవెళ్ల డివిజన్ నుంచి వచ్చిన కేసులో 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం అది తప్పని, అసైన్డ్ రైతుకు కూడా పట్టాదారుతో సమానంగా మార్కెట్ విలువ ఇవ్వాలని చెప్పింది. భూహక్కుల మీద పనిచేసే ప్రతి విద్యార్థీ చదవాల్సిన తీర్పు. అయితే 2004 అంటే సైబర్ టవర్స్ నిలబడి అప్పటికే ఆరేళ్లు.

ఇక ధర. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. 2025 అక్టోబరులో రాయదుర్గం పాన్‌మక్తాలో ఎకరం 177 కోట్లు పలికింది. పాన్‌మక్తా! ఖరారు చేసిన కొద్దిపాటి మొత్తానికి ఊరు పట్టుకునే పద్ధతి పేరు ఇంకా ఆ భూమికి అంటుకునే ఉంది.

మణికొండ జాగీర్ కథ ఇంకా విచిత్రం. హుస్సేన్‌సాగర్‌కు ఎవరి పేరు ఉంది? ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో ఆ చెరువు పని చూసిన హుస్సేన్ షా వలీ పేరు. ఆయన దర్గా ఇక్కడికి దగ్గరే ఉంది. ఆ దర్గాకు చెందిన మణికొండ జాగీర్ భూమి 1,654 ఎకరాల 32 గుంటలు వక్ఫ్‌దా, సర్కారుదా అని ఏళ్లకు ఏళ్లు వివాదం నడిచి, 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు సర్కారుదే అని తేల్చింది. జాగీర్ల రద్దుతోనే ఆ హక్కు పోయిందన్నది అందులో ముఖ్యమైన మాట. సర్కారు, వక్ఫ్ బోర్డు, భూములు తీసుకున్న కంపెనీలు: వాదన వీళ్ల మధ్య. ఆ జాగీర్లో దున్నిన, మేపిన, తూము కాసిన మనుషుల సంగతి మనం వేరే కాగితాల్లో వెతుక్కోవాలి. చెరువు పని చూసిన సూఫీకి చెరువు పేరూ మిగిలింది, దర్గా మిగిలింది. నాకు దాంతో పేచీ లేదు. తూము కాసినవాడికి ఒక్క పలక అయినా ఉండొద్దా అన్నదే నా ప్రశ్న.

చెరువు హద్దుల విషయంలో కూడా రెండు నడకలున్నయి. 2024 ఆగస్టులో దుర్గం చెరువు చుట్టూ కాలనీల్లో ఎఫ్‌టీఎల్ పరిధిలో ఉన్నాయని ఇళ్లకు నోటీసులు అంటించారు. వాళ్లు హైకోర్టుకు పోయారు, తమ మాట వినిపించుకునే అవకాశం దొరికింది. అది సబబే, ఎవరి ఇల్లు కూల్చాలన్నా ముందు వాళ్ల మాట వినాలి. మర్నెల మూసీ వెంట బస్తీల్లో గోడల మీద ఎర్రరంగుతో గుర్తులు వేసుకుంటూ పోయారు. అక్కడ జనం వీధుల్లో ఏడ్చారు. నీటి హద్దు గీత ఒకటే అయినా వకీలును పెట్టుకోగలిగినవాడి గోడ దగ్గర అది కాసేపు ఆగుతుంది.

నడక చివరికి వచ్చాం: కంచ గచ్చిబౌలి. కంచ అంటే మేత భూమి. ఊరి గొడ్లకు గడ్డి, పొయ్యికి కట్టెలు. మాదిగలకు ఇంకొకటి: తంగేడు చెక్క. తోలు పదును పెట్టడానికి అదే కావాలి. బతుకమ్మలో పెట్టే తంగేడు పువ్వును రాష్ట్ర పుష్పం చేసుకున్నాం, చాలా సంతోషం. ఆ చెట్టు బెరడుతో తోలు ఊని ఊరందరికీ చెప్పులు, మోట బొక్కెనలు, డప్పులు చేసిన చేతుల్ని ఆ పువ్వు పక్కన ఎవరూ బొమ్మ గీయలేదు. కంచ పోతే ఒక వృత్తికి ముడిసరుకు పోతుంది. ఇది పర్యావరణం మీద వచ్చే వ్యాసాల్లో కనబడదు.

1974లో ఈ ప్రాంతంలోనే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. క్యాంపస్‌లో చెరువులున్నయి, పుట్టగొడుగు బండ ఉంది, పొద్దున నడిచే కాలిబాటలున్నయి. ఆ క్యాంపస్‌లోనే 2016 జనవరిలో హాస్టల్ నుంచి వెలివేసిన ఐదుగురు దళిత విద్యార్థులు ఆరుబయట వెలివాడ కట్టుకున్నారు. 17న రోహిత్ వేముల మనకు లేకుండా పోయాడు. 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. విద్యార్థులు అడ్డం నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపమంది. నెమళ్ల ఫోటోలు, జింకల ఫోటోలు దేశమంతా తిరిగాయి. మంచిదే. అదే నేల మీద వెలివాడ కట్టుకున్నప్పుడు అంతమందికి దారి తెలియలేదు.

ఇప్పుడు పని సంగతి. ప్రభుత్వం పలక పెడుతుందని కూర్చుంటే పెట్టదు. పెట్టించాలంటే మన చేతిలో కాగితం ఉండాలి. వెతకాల్సినవి: 1954–55 ఖాస్రా పహాణీ, దాని తర్వాతి చేసాల పహాణీ, అంతకు ముందటి సేత్వార్, వసూల్ బాకీ. తహసీల్ ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెడితే నకళ్లు అడగవచ్చు. పాత ఫర్మానాలు, జాగీర్ దస్త్రాల కోసం తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోవాలి. ఖాస్రాలో పట్టాదారు పేరు దగ్గర ఆగిపోవద్దు. కబ్జాలో ఎవరున్నారో చెప్పే గడి, భూమి ఏ రకమో చెప్పే గడి చూడండి. నీరడి ఇనాం, సేత్‌సింధీ ఇనాం అని రాసి ఉందా, ఉంటే ఆ సర్వే నంబరు తర్వాతి పహాణీల్లో ఎవరి పేరు మీదికి మారింది, ఏ సంవత్సరంలో మారింది. ఈ ఒక్క వరస పట్టుకుని పోతే 1955 నుంచి ఈరోజు ఆ స్థలంలో ఉన్న భవనం దాకా నడవచ్చు.

వచ్చే భాగానికి రాయదుర్గం మూడు రెవెన్యూ గ్రామాలు, మణికొండ రెండు, కంచ గచ్చిబౌలి తీసుకుందాం. సేత్వార్లు ఉర్దూలో ఉంటయి. ఉర్దూ చదవడం వచ్చిన మిత్రులు ముగ్గురు నలుగురు కావాలి. ముస్లిం విద్యార్థి సంఘాల మిత్రులు సాయం చేస్తే పని తొందరగా అవుతుంది. ఇంట్లో నీరటి పని చేసిన పెద్దవాళ్లున్నవాళ్లు, వాళ్లు తూము గురించి, గింజ వాటా గురించి చెప్పేది ఫోనులో రికార్డు చేసి ఉంచండి, ముందు వాళ్ల అనుమతి అడిగి. ఆసక్తి ఉన్నవాళ్లు ఇన్‌బాక్స్‌లో మీ ఊరు, మీ కాలేజీ, ఉర్దూ వచ్చా రాదా, ఈ మూడు రాసి పంపండి. పరీక్షలున్నవాళ్లు పరీక్షలు రాశాకే రండి.